రిజర్వేషన్లు ఎందుకు? జవాబును బట్టి మారే లెక్క

విద్యలోనూ ఉద్యోగాల్లోనూ అణగారిన వర్గాలకు ప్రత్యేక అవకాశం కల్పించడాన్ని సమర్థించేవారు తరచుగా చెప్పే పోలిక పరుగు పందెం. 1963 ఆగస్టులో, ఉద్యోగాల్లో రిజర్వేషన్లకు సంబంధించిన దేవదాసన్ కేసులో భారత సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు నలుగురు న్యాయమూర్తులతో విభేదించి విడిగా తీర్పు రాసిన జస్టిస్ కోకా సుబ్బారావు రెండు గుర్రాల ఉదాహరణ ఇచ్చారు. ఒకటి మేలుజాతి పందెపు గుర్రం, రెండోది మామూలు గుర్రం. రెండింటినీ ఒకే గీత మీద నిలబెట్టి వదిలితే చూసేవారికి సమాన అవకాశం ఇచ్చినట్టే ఉంటుంది గానీ, ఆ సమానత్వం పేరుకు మాత్రమేనన్నది ఆయన వాదన. రెండేళ్లు తిరగకముందే, 1965 జూన్ 4న, వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దాదాపు ఇదే మాట అన్నారు. ఏళ్ల తరబడి సంకెళ్లలో ఉన్న మనిషిని విడిపించి, పందెం గీత దగ్గరకు తెచ్చి నిలబెట్టి, ఇక అందరితో పోటీపడమని చెప్పినంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదని ఆయన చెప్పారు. కులం గురించి ఆలోచిస్తున్న న్యాయమూర్తికీ, వర్ణవివక్ష గురించి ఆలోచిస్తున్న పాలకుడికీ ఒకే పోలిక తట్టిందంటే దానికి ఆ మాత్రం బలం ఉంది.

అయితే ఈ పోలికలో ఒక ఇబ్బంది దాగి ఉంది. పందెంలో గెలిచినవాడికి దక్కేది బహుమతి. అది పూర్తిగా అతని సొంతం. ఆ గుర్రం ఎందుకు పరిగెడుతోందని గానీ, దాని పరుగు వల్ల ఊరికి ఏం ఒరిగిందని గానీ ఎవరూ అడగరు. వైద్య కళాశాలలో సీటు అలాంటిది కాదు. రేపు రోగుల నాడి పట్టుకోబోయే మనిషిని తయారు చేసుకోవడానికి సమాజం తన డబ్బుతో చేసే ఏర్పాటు అది. సీటును బహుమతిగా చూడడం మొదలుపెడితే ఒక పక్షం తమకు రావలసిన బహుమతి లాగేసుకున్నారని అంటుంది, రెండో పక్షం పందెమే మోసమని అంటుంది. సీటు బహుమతి అన్న విషయంలో మాత్రం ఇద్దరూ ఏకీభవిస్తారు. చర్చ ఎన్నేళ్లు సాగినా మొదలైన చోటే తిరుగుతూ ఉండడానికి ఈ మౌన అంగీకారం కూడా ఒక కారణం.

ప్రత్యేక అవకాశాల విధానాన్ని సమర్థించడానికి ప్రధానంగా నాలుగు కారణాలు చెబుతారు. గతంలో జరిగిన అన్యాయానికి ఇది పరిహారం అనేది మొదటిది. ఇప్పటికీ సాగుతున్న వివక్షకు విరుగుడు అనేది రెండోది. తరగతి గదిలోనూ పని చేసే చోటా వైవిధ్యం వల్ల అందరికీ మేలు కలుగుతుందనేది మూడోది. ప్రభుత్వ యంత్రాంగం, ఉన్నత వృత్తులు ఏ కొద్దిమంది గుప్పిట్లోనో ఉండకూడదు, అధికారంలో అందరికీ వాటా ఉండాలి అనేది నాలుగోది. పైకి ఇవన్నీ ఒకే ఏర్పాటుకు దారితీస్తున్నట్టు కనిపిస్తాయి. కానీ ఎవరికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి అనే మూడు ప్రశ్నలు వేసి చూస్తే నాలుగు కారణాలూ నాలుగు దారులు పడతాయి. ఈ విషయంలో సాగే వాదోపవాదాల్లో పెద్ద భాగం, ఒక కారణంతో పుట్టిన విధానాన్ని మరో కారణపు కొలబద్దతో కొలవడం వల్ల వస్తున్నదే.

పరిహార వాదం మనసుకు వెంటనే తాకుతుంది. అప్పు చేసినవాడు తీర్చాలి, గాయపరిచినవాడు నష్టపరిహారం ఇవ్వాలి అనే న్యాయం ఎవరికైనా తెలిసిందే. దీని మీద వచ్చే అభ్యంతరం కూడా అంతే సూటిగా ఉంటుంది. గాయపడినవారు ఒకరు, పరిహారం అందుకునేది వారి మనవలు. గాయపరిచినవారు ఒకరు, సీటు కోల్పోయేది ఏ పాపమూ ఎరుగని పద్దెనిమిదేళ్ల విద్యార్థి. ఈ అభ్యంతరానికి ముఖంగా మారిన వ్యక్తి అమెరికాకు చెందిన తెల్లజాతి అభ్యర్థి అలన్ బకీ. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వైద్య కళాశాల తనకున్న 100 సీట్లలో 16 సీట్లను అల్పసంఖ్యాక వర్గాల కోసం విడిగా ఉంచేది. 1973లోనూ 1974లోనూ బకీకి సీటు నిరాకరించారు. ఇంటర్వ్యూలతో కలిపి లెక్కగట్టిన మదింపులో 1973లో ఆయనకు 500కు 468 వచ్చాయి. ప్రత్యేక సీట్లలో చేరిన కొందరి మార్కులు తనకన్నా తక్కువని ఆయన కోర్టుకెక్కారు.

ఆ ఏడాది లెక్కలను దగ్గరగా చూస్తే నైతిక ప్రశ్న మరికాస్త స్పష్టమవుతుంది. 1973లో ఆ 100 సీట్లకు 2,464 మంది దరఖాస్తు చేశారు. ప్రత్యేక సీట్లు ఒక్కటీ లేకపోయినా 2,300 మందికి పైగా సీటు లేకుండానే వెనుదిరిగేవారు. అయినా వారిలో ప్రతి ఒక్కరికీ ఆ 16 సీట్లలో ఒకటి తనదేనని అనిపించడానికి వీలుంది. పదహారు సీట్ల నష్టాన్ని రెండు వేల మంది ఎవరికి వారు పూర్తిగా తమ నష్టంగా లెక్క వేసుకుంటారు. ప్రత్యేక అవకాశాల మీద కనిపించే కోపం, వాటివల్ల నిజంగా చేతులు మారే సీట్ల సంఖ్య కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండడానికి ఈ అంకగణితం ఒక కారణం. అంతమాత్రాన బకీ ఫిర్యాదు ఉత్తదైపోదు. ప్రత్యేక సీట్లు లేకున్నా ఆయనకు సీటు వచ్చేది కాదని నిరూపించలేమని విశ్వవిద్యాలయమే ఒప్పుకుంది. చివరకు 1978లో ఆయనను చేర్చుకోవాలని అమెరికా సుప్రీంకోర్టు ఆదేశించింది. నష్టం కొద్దిమందికే అయినా నష్టం నష్టమే. పరిహార వాదం ఆ కొద్దిమందికి ఇవ్వగలిగిన జవాబు ఒక్కటే: అన్యాయం వల్ల పోగైన లాభం వారసత్వంగా అందుతున్నప్పుడు, దాని బాకీ మాత్రం అందదని చెప్పడం కుదరదు. బాకీ తీర్చే బరువు మాత్రం మొత్తం వర్గం మీద సమంగా పడదు. కటాఫ్ గీతకు దగ్గరగా నిలిచినవారి మీదే, అంటే తరచుగా ఆ వర్గంలో మరీ బలవంతులు కానివారి మీదే పడుతుంది. సమర్థకులు ఈ విషయాన్ని దాటవేయకుండా ఒప్పుకుంటే వాదం మరింత నిజాయితీగా ఉంటుంది.

ఇక్కడే ప్రతిభ అన్న మాట రంగంలోకి వస్తుంది. ఎక్కువ మార్కులు వచ్చినవారికి సీటు మీద హక్కు ఉంటుందా? ఎంపికకు ఫలానా కొలమానమే వాడాలని కోరే హక్కు ఏ అభ్యర్థికీ ఉండదని, సంస్థ తన లక్ష్యాన్ని బట్టి కొలమానాన్ని నిర్ణయించుకోవచ్చని న్యాయతత్వవేత్త రొనాల్డ్ డ్వర్కిన్ బకీ కేసు కాలంలోనే వాదించారు. ఎత్తు ఎక్కువున్నవారినే బాస్కెట్‌బాల్ జట్టులోకి తీసుకుంటే పొట్టివారి హక్కుకు భంగం కలిగిందని ఎవరూ అనరు కదా. వాదం చక్కగానే ఉంది గానీ దీనికి రెండు వైపులా పదును ఉంది. సంస్థ లక్ష్యమే అన్నిటికీ మూలమైతే, ఒకప్పుడు తెల్లవారికి మాత్రమే చదువు చెప్పాలనుకున్న కళాశాలలను తప్పు పట్టేది ఎలా? కాబట్టి లక్ష్యం కూడా న్యాయమైనదై ఉండాలనే షరతు తప్పదు. ఆ షరతు దగ్గర మళ్లీ మొదటి ప్రశ్నకే వస్తాం.

కొలమానం పేరుతో ఏం జరగవచ్చో చూడడానికి ఉద్యోగాల రంగంలో ఒక పాత కేసు ఉంది. నార్త్ కరోలినాలో డ్యూక్ పవర్ సంస్థకు చెందిన డాన్ రివర్ విద్యుత్ కేంద్రంలో ఐదు విభాగాలు ఉండేవి. నల్లజాతి కార్మికులను లేబర్ విభాగంలో మాత్రమే తీసుకునేవారు. ఆ విభాగంలో అన్నిటికన్నా ఎక్కువ జీతం, మిగిలిన నాలుగు విభాగాల్లో అన్నిటికన్నా తక్కువ జీతం కన్నా తక్కువగా ఉండేది. పౌరహక్కుల చట్టంలో ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే భాగం 1965 జూలై 2న అమల్లోకి వచ్చింది. సరిగ్గా అదే రోజున ఆ సంస్థ పై నాలుగు విభాగాల్లోకి కొత్తగా చేరేవారు హైస్కూలు చదువుతో పాటు రెండు సామర్థ్య పరీక్షల్లో కూడా నెగ్గాలని నిబంధన పెట్టింది. నిబంధనలో రంగు మాట ఎక్కడా లేదు. అయితే అంతకు ముందే ఆ విభాగాల్లో చేరిన తెల్లజాతి ఉద్యోగుల్లో హైస్కూలు పూర్తి చేయనివారు, ఆ పరీక్షలు రాయనివారు పనిని చక్కగా చేసుకుపోతున్నారు, పదోన్నతులు కూడా పొందుతున్నారు. బొగ్గు ఎత్తే పనికీ, ఆ పరీక్షకూ సంబంధం ఏమిటని 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ప్రశ్నించింది. సంబంధం చూపించలేని కొలమానం, ఉద్దేశం ఏదైనప్పటికీ, ఒక వర్గాన్ని బయట ఉంచేస్తే అది చట్టవిరుద్ధమని తేల్చింది.

ఈ కేసు ప్రతిభను కొట్టిపారేయలేదు. ప్రతిభ అనే మాట వాడేవారిని ఆ పనికి, ఆ కొలతకు ఉన్న సంబంధం చూపమంది. ప్రవేశ పరీక్షల విషయంలో ఇదే ప్రశ్న అడిగితే జవాబు మిశ్రమంగా ఉంటుంది. పరీక్షలో బొత్తిగా తక్కువ మార్కులు వచ్చినవారికీ బాగా వచ్చినవారికీ ఉన్న తేడా తరువాతి చదువులో కొంతవరకు కనిపిస్తుంది. కానీ ఒకే మార్కు మీద వందల మంది నిలిచే చోట, ఒక మార్కు తేడాతో ఒకరిని ప్రతిభావంతులని, పక్కనున్నవారిని కాదని అనడం కొలత చెప్పని మాట కొలత చేత చెప్పించడమే. 2022 జనవరిలో వైద్య విద్యలో అఖిల భారత కోటాకు సంబంధించిన తీర్పులో భారత సుప్రీంకోర్టు కూడా పోటీ పరీక్ష మార్కులు ఒక్కటే ప్రతిభకు కొలమానం కాజాలవని, కుటుంబ నేపథ్యం, కోచింగ్, పుట్టుకతో అందే సామాజిక వనరులు అందులో కలిసే ఉంటాయని చెప్పింది.

మరో సంగతి. ప్రతిభ పేరుతో కుల, జాతి ప్రాతిపదికలను వ్యతిరేకించే గొంతులు, వేరే మినహాయింపుల దగ్గర అంత గట్టిగా వినిపించవు. హార్వర్డ్ విశ్వవిద్యాలయం మీద నడిచిన కేసులో బయటపడ్డ సమాచారాన్ని ఆర్థికవేత్తలు విశ్లేషించినప్పుడు, అక్కడ సీటు పొందిన తెల్లజాతి విద్యార్థుల్లో 43 శాతానికి పైగా క్రీడల కోటావారో, పూర్వ విద్యార్థుల పిల్లలో, అధ్యాపకుల పిల్లలో, దాతలతో సంబంధం ఉన్న ప్రత్యేక జాబితాలోనివారో అని తేలింది. లక్షల రూపాయల ఫీజుతో భర్తీ అయ్యే మేనేజ్‌మెంట్ సీట్ల విషయంలో భారతదేశంలోనూ ఇదే మౌనం కనిపిస్తుంది. ఒక తప్పు మరో తప్పును ఒప్పు చేయదన్నది నిజమే. ప్రతిభ ఒక సూత్రమైతే అది అన్ని చోట్లా సూత్రమే కావాలి.

ప్రతిభ వాదంలో తీసిపారేయలేని భాగం ఒకటుంది: పని చేయించుకునే మూడో మనిషి. రోగి, ప్రయాణికుడు, బడిపిల్లవాడు ఈ చర్చలో పక్షం కాదు గానీ ఫలితం అనుభవించేది వాళ్లే. భారత రాజ్యాంగం 335వ అధికరణంలో పరిపాలనా సామర్థ్యాన్ని ప్రస్తావించింది ఈ ఆలోచనతోనే. అయితే ఇది ఊహతో కాకుండా పరిశీలనతో తేల్చుకోవలసిన విషయం. 1980 నుంచి 2002 వరకు భారతీయ రైల్వేల సమాచారాన్ని తీసుకుని అశ్విని దేశ్‌పాండే, థామస్ వైస్కోఫ్ చేసిన అధ్యయనంలో, ఉద్యోగుల్లో ఎస్సీ, ఎస్టీల వాటా పెరగడం వల్ల ఉత్పాదకత తగ్గిన దాఖలా కనిపించలేదు. పై స్థాయి ఉద్యోగాల్లో కొంత మెరుగుదల సూచనలే కనిపించాయి. ఒక సంస్థ మీద చేసిన ఒక అధ్యయనంతో అన్ని రంగాలకూ తీర్పు చెప్పడం తొందరపాటే. సామర్థ్యం దెబ్బతింటుందన్న మాటను రుజువు అక్కరలేని సత్యంగా వాడడం మాత్రం ఇక సాగదు. పైగా కళాశాలలో ప్రవేశానికి కటాఫ్ వేరైనా, పట్టా ఇచ్చే పరీక్ష అందరికీ ఒకటే. ప్రవేశం వేరు, ఉత్తీర్ణత వేరు అన్న చిన్న తేడాను వాదన వేడిలో చాలామంది మరిచిపోతారు.

గతం సంగతి పక్కన పెట్టినా, ఇప్పటి వివక్షకు విరుగుడు అన్న రెండో కారణం ఉద్యోగాల్లో గట్టిగా నిలబడుతుంది. 2004లో వెలువడ్డ ఒక ప్రసిద్ధ పరిశోధనలో బోస్టన్, షికాగో నగరాల ఉద్యోగ ప్రకటనలకు ఒకే తరహా అర్హతలతో దరఖాస్తులు పంపారు. కొన్నింటిపై ఎమిలీ, గ్రెగ్ వంటి పేర్లు, కొన్నింటిపై లకీషా, జమాల్ వంటి పేర్లు పెట్టారు. తెల్లజాతిని తలపించే పేర్లకు 50 శాతం ఎక్కువగా పిలుపులు వచ్చాయి. భారతదేశంలో సుఖదేవ్ థొరాట్, పాల్ ఎట్వెల్ ఇదే పద్ధతిలో ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు దరఖాస్తులు పంపి 2007లో ఫలితాలు ప్రచురించారు. అర్హతలు సమానంగా ఉన్నా, అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే. ఇక్కడ అన్యాయం చేసినవారు, అనుభవించినవారు అందరూ నేటి మనుషులే. తాతల అప్పు ప్రసక్తి లేదు. అయితే ఈ కారణం ఎంత దూరం తీసుకువెళుతుందో అంతే దూరం తీసుకువెళుతుంది. దరఖాస్తు మీద పేరు కప్పేసినా సరిపోతుంది కదా అనే వాదం దీనికి ఎదురు నిలుస్తుంది. పేరు కప్పిన పరీక్షలో కూడా వెనుకబడేవారికి ఈ కారణం ఏ సాయమూ చేయలేదు. వింత ఏమిటంటే ఈ కారణం అన్నిటికన్నా బలంగా వర్తించే ప్రైవేటు ఉద్యోగాల్లోనే భారతదేశంలో రిజర్వేషన్ లేదు.

వైవిధ్యం అన్న మూడో కారణానికి చరిత్ర తమాషాగా ఉంది. బకీ కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు నిలువునా చీలిపోగా, జస్టిస్ లూయిస్ పవెల్ ఒక్కరే రాసిన అభిప్రాయం నిర్ణయాత్మకమైంది. సమాజంలో జరిగిన అన్యాయానికి పరిహారంగా సీట్లు ఇవ్వడానికి ఆయన ఒప్పుకోలేదు, కోటాకూ ఒప్పుకోలేదు. విద్యార్థుల్లో వైవిధ్యం ఉంటే చదువు మెరుగవుతుంది కాబట్టి జాతిని అనేక అంశాల్లో ఒకటిగా పరిగణించవచ్చని మాత్రం అన్నారు. ఆ రోజు నుంచి 45 ఏళ్ల పాటు అమెరికా విశ్వవిద్యాలయాలు మనసులో పరిహారం పెట్టుకుని నోటితో వైవిధ్యం అన్నాయి. ఈ ఎడం వల్ల వచ్చిన నైతిక నష్టం చిన్నది కాదు. వైవిధ్య వాదంలో నల్లజాతి విద్యార్థి సీటుకు సమర్థన ఆ విద్యార్థికి రావలసిన న్యాయం కాదు, పక్కన కూర్చునే తెల్లజాతి విద్యార్థికి కలిగే అనుభవం. ఒక మనిషి ప్రవేశాన్ని ఇంకొకరి చదువుకు పనిముట్టుగా చూపడం అందరికీ హితవైన మాటలా వినిపించినా, లోపల ఎంతో కొంత అవమానం ఉంది.

కొలతకు అందని లక్ష్యం కోర్టులో ఎక్కువ కాలం నిలవదు కూడా. 2003లో విశ్వవిద్యాలయ ప్రవేశాలపై వచ్చిన గ్రుటర్ కేసులో వైవిధ్యాన్ని సమర్థిస్తూనే అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ శాండ్రా డే ఓ కానర్, మరో 25 ఏళ్లకు జాతిని లెక్కలోకి తీసుకోవలసిన అవసరం ఉండకపోవచ్చన్నారు. అదే రోజు మరో కేసులో, అల్పసంఖ్యాక వర్గ అభ్యర్థులకు 150కి 20 పాయింట్లు కలిపే పద్ధతిని కోర్టు కొట్టేసింది. 25 ఏళ్లు పూర్తికాకుండానే 2023 జూన్ 29న హార్వర్డ్ కేసు తీర్పుతో ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకునే విధానమే పోయింది. లక్ష్యం ఎప్పటికి నెరవేరిందో తేల్చే కొలమానం చూపమంటే విశ్వవిద్యాలయాలు సరైన జవాబు ఇవ్వలేకపోయాయి. ఆ తీర్పులోని ఒక అధోజ్ఞాపిక (ఫుట్‌నోట్) మాత్రం ఆసక్తికరం: సైనిక అకాడమీల సంగతిని కోర్టు తేల్చకుండా విడిచిపెట్టింది. సైనికులను నడిపే అధికారులు ఒకే జాతివారై ఉంటే ఏమవుతుందన్న ప్రశ్న తరగతి గది వైవిధ్యానిది కాదు, అధికారంలో వాటాది.

ఆ నాలుగో కారణమే భారతదేశపు రిజర్వేషన్లకు అసలు పునాది. కులాలు, మతాల వారీగా సీట్లు పంచిన మద్రాసు ప్రెసిడెన్సీ కమ్యూనల్ జీవో లెక్క దీన్ని దాచకుండా చూపిస్తుంది. 1951లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చేనాటికి ఆ జీవో ప్రకారం వైద్య, ఇంజనీరింగ్ కళాశాలల్లో ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులకు కలిపి 1, ముస్లింలకు 1. ఎవరు ఎంత పేదలన్న ప్రశ్న అందులో లేదు. ఎవరి వాటా ఎంత అన్నదే ఉంది. చంపకం దొరైరాజన్ కేసులో కోర్టు దాన్ని కొట్టేసింది. వైద్య కళాశాలలో సీటు కోసం ఫిర్యాదు చేసిన ఆమె అసలు దరఖాస్తే చేయలేదని ఆ తీర్పులోనే ఉంది. ఆ వెంటనే వచ్చిన మొదటి రాజ్యాంగ సవరణ, సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గాల కోసం ప్రత్యేక ఏర్పాట్లకు వీలు కల్పించే 15(4) అధికరణాన్ని చేర్చింది. వాటా అన్న భాష స్థానంలో వెనుకబాటుతనం అన్న భాష వచ్చి కూర్చుంది. లోపలి తర్కం మాత్రం పూర్తిగా మారలేదు.

అందుకే ఇప్పటికీ రెండు తర్కాలూ ఒకే గొడుగు కింద తోసుకుంటూ ఉంటాయి. 1992 నవంబరు 16న ఇందిరా సాహ్ని కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం మండల్ కమిషన్ సూచించిన 27 శాతాన్ని ఆమోదిస్తూ, వెనుకబడిన వర్గాల్లో పైకొచ్చినవారిని, అంటే క్రీమీ లేయర్‌ను తప్పించమంది. వెనుకబాటుతనమే కారణమైతే ఇది సబబే. ముందుకొచ్చినవారికి వెనుకబడినవారి సీటు ఎందుకు? కానీ కారణం అధికారంలో వాటా అయితే క్రీమీ లేయర్‌ను తీసేయడం లక్ష్యాన్నే దెబ్బతీస్తుంది. ఒక కులం నుంచి కలెక్టరు కాగలిగిన స్థితికి వచ్చేది సాధారణంగా ఒక తరం చదువుకున్న ఇంటివారే కదా. ఏది సరైనదన్నది ముందు ఎందుకు ఇస్తున్నామన్న దాని మీద ఆధారపడుతుంది. ఆదాయ పరిమితి ఎంత ఉండాలన్న చర్చతో అది తేలదు.

2019లో ఆర్థికంగా బలహీన వర్గాలకు ఇచ్చిన 10 శాతంతో కారణం మరోసారి మారింది. ఇక్కడ వాటా లేదు, సామాజిక వెనుకబాటుతనం లేదు, పేదరికమే ఉంది. అదీ ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు కానివారి పేదరికం. 2022 నవంబరులో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో దీన్ని సమర్థించింది. పేదరికమే ప్రాతిపదిక అయినప్పుడు అందరికన్నా పేదలు ఎక్కువగా ఉన్న వర్గాలను బయట పెట్టడం ఎలా న్యాయమని ఇద్దరు న్యాయమూర్తులు అడిగారు. రెండు తర్కాల కలగలుపు ఒక్క అంకెలో కనిపిస్తుంది. ఓబీసీల్లో క్రీమీ లేయర్‌కు ఏడాదికి 8 లక్షల రూపాయల పరిమితి. ఆర్థికంగా బలహీనులని ధ్రువీకరించడానికి కూడా 8 లక్షలే. మొదటి చోట అది ఇంతకు మించితే మీరు పైకొచ్చారని చెప్పే గీత, అందులో జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. రెండో చోట అది ఇంతకు లోబడితే మీరు పేదలని చెప్పే గీత, అందులో అన్నీ కలుపుతారు. ఒకే అంకె ఒక చోట ధనికుణ్ణి, మరో చోట పేదవాణ్ణి గుర్తిస్తోంది. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని అడిగిందీ ఇదే: ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

వర్గాలను గుర్తించడంలో ఉన్న కష్టం ఇంతటితో ఆగదు. 2007లో బ్రెజిల్‌లోని బ్రసీలియా విశ్వవిద్యాలయం ఫొటోలు చూసి ఎవరు నల్లజాతివారో తేల్చే కమిటీని నడిపేది. అచ్చు ఒకేలా ఉండే కవల సోదరుల్లో ఒకరిని అది నల్లజాతివాడని ఒప్పుకుని, మరొకరిని కాదంది. కులానికి ఈ బాధ లేదు, ధ్రువపత్రం ఉంటుంది. కానీ ధ్రువపత్రం మీద ఉన్న వర్గం లోపల ఎన్ని అంతరాలున్నాయో అది చెప్పదు. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం అడిగింది ఈ ప్రశ్ననే. ఆంధ్రప్రదేశ్ 2000లో ఎస్సీల 15 శాతాన్ని 1, 7, 6, 1 శాతాలుగా నాలుగు భాగాలు చేస్తే, 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు కాదంది. 2024 ఆగస్టు 1న ఏడుగురి ధర్మాసనం 6-1 తేడాతో ఆ తీర్పును తోసిపుచ్చింది. తెలంగాణ 2025 ఏప్రిల్ 14 నుంచి 1, 9, 5 శాతాలుగా మూడు గ్రూపులను అమల్లోకి తెచ్చింది. వర్గీకరణను వ్యతిరేకించినవారిది ఐక్యత దెబ్బతింటుందన్న భయం. కోరినవారు మాత్రం అగ్రకులాల ముందు ఎస్సీలంతా వాడిన వాదాన్నే, వాటా దక్కలేదన్న వాదాన్నే, ఎస్సీల లోపల వాడారు. సూత్రం నిజమైతే అది తనను వాడుకునేవారి ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోదని ఈ ముప్పై ఏళ్ల వివాదం చూపించింది.

లబ్ధిదారులకే ఇది మచ్చగా మారుతుందన్న అభ్యంతరాన్ని అందరికన్నా ఘాటుగా చెప్పినది స్వయంగా నల్లజాతివారైన అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ క్లారెన్స్ థామస్. చదువు ముగిశాక ఉద్యోగం కోసం తిరిగినప్పుడు యేల్ విశ్వవిద్యాలయం ఇచ్చిన న్యాయశాస్త్ర పట్టాకు తన విషయంలో విలువ లేకుండా పోయిందని, చుట్టల ప్యాకెట్టు మీది 15 సెంట్ల ధర చీటీని ఆ పట్టా ఫ్రేముకు అంటించానని ఆయన ఆత్మకథలో రాసుకున్నారు. ఆ అనుభవాన్ని కాదనడానికి వీల్లేదు. కానీ చూసేవాడి కంటిలోని అనుమానానికి ప్రాయశ్చిత్తం చూడబడేవాడు తన సీటు వదులుకుని చేయాలనడం వింత న్యాయం. కోటాలేవీ లేని కాలంలో అంటరానివారి తెలివిని సమాజం గౌరవించిందని ఎవరూ చెప్పలేరు. అనుమానం ముందు నుంచీ ఉంది. కోటా దానికి చెప్పుకోదగ్గ సాకు ఇచ్చింది.

ఇక ఎప్పుడు ఆపాలన్న ప్రశ్న. రాజ్యాంగం పదేళ్లే అంది కదా అనే మాట భారతదేశంలో తరచుగా వినిపిస్తుంది. ఆ పదేళ్ల గడువు 334వ అధికరణంలోది. అది లోక్‌సభ, శాసనసభల్లో రిజర్వు సీట్లకు సంబంధించినది, పదేళ్లకోసారి పొడిగిస్తూ ఇప్పుడు 2030 దాకా తెచ్చారు. చదువుకూ ఉద్యోగాలకూ రాజ్యాంగం ఏ గడువూ పెట్టలేదు. గడువు కాకుండా హద్దు ఉండాలన్న ఆలోచన మాత్రం మొదటి నుంచీ ఉంది. 1948 నవంబరు 30న రాజ్యాంగ సభలో అంబేద్కర్, 70 శాతం ఉద్యోగాలు రిజర్వు చేసి 30 శాతమే పోటీకి వదిలితే సమాన అవకాశమన్న సూత్రానికి అర్థం ఉండదని, కాబట్టి రిజర్వేషన్ తక్కువ భాగానికే పరిమితం కావాలని చెప్పారు.

గడువుకు కూడా కారణమే జవాబు చెప్పాలి. పరిహారమైతే బాకీ తీరిన రోజున ఆగాలి, కానీ ఆ బాకీని రూపాయల్లో గానీ సీట్లలో గానీ ఎవరూ లెక్కగట్టలేదు. వివక్షకు విరుగుడైతే, వేర్వేరు పేర్లతో పంపిన దరఖాస్తులకు ఒకే సంఖ్యలో పిలుపులు వచ్చిన నాడు ఆపవచ్చు. ఆ పరీక్షను ఏటా చేసి చూడవచ్చు, ఖర్చు కూడా పెద్దది కాదు. వాటా అయితే కావలసింది జనాభా లెక్కలు. 1980లో నివేదిక ఇచ్చిన మండల్ కమిషన్ ఓబీసీల జనాభాను 1931 జనగణన ఆధారంగానే అంచనా వేయవలసి వచ్చింది, ఎందుకంటే ఆ తరువాత జరిగిన జనగణనల్లో అన్ని కులాలనూ లెక్కించి ప్రచురించింది లేదు. 2027 మార్చి 1ని ప్రధాన ప్రాతిపదిక తేదీగా తీసుకుని జరగబోయే జనగణనలో కులాన్ని కూడా నమోదు చేస్తామని కేంద్రం ప్రకటించింది. ఆ అంకెలు వచ్చాక ఒక కులానికి జనాభాలో ఎంత భాగం ఉందో తెలుస్తుంది. ఉద్యోగాల్లో, ఉన్నత వృత్తుల్లో ఆ కులానికి ఎంత భాగం ఉందో తెలియాలంటే జనగణన సరిపోదు. సంస్థలు తమ ఉద్యోగుల వివరాలు బయటపెట్టాలి, ప్రైవేటు సంస్థలతో సహా.